కువైట్ రానివ్వని ఆట



వీడియో గేమ్ గురించి రేడియోలో ప్రసంగమేమిటని అడిగేవాళ్ళుంటారు. పుస్తకాలను సమీక్షిస్తున్నాం, సినిమాలను సమీక్షిస్తున్నాం, నాటకాలనూ వదలడం లేదు. ఇంట్లో కుర్రాడు తలుపేసుకుని అర్ధరాత్రి దాకా ఏ యుద్ధం చేస్తున్నాడో తాతగారికి తెలియాలి కదా! తాతగారు వినేది రేడియోనే గనక ఇక్కడే చెప్పుకుందాం.

ఆట పేరు ‘కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 6’. 2024 అక్టోబరు 25న ప్రపంచ మార్కెట్లోకి వచ్చింది. కువైట్‌లోకి మాత్రం రాలేదు. అక్కడ అనుమతి దొరకలేదని ఆట కంపెనీయే ప్రకటించి, ముందుగా డబ్బు కట్టినవాళ్ళకు తిరిగి ఇచ్చేసింది. కారణమేమిటో కువైట్ వాళ్ళు చాటింపు వేయలేదు. వేయనక్కర్లేదు కూడా. ఈ ఆటలో కథ 1991లో, గల్ఫ్ యుద్ధం రోజుల్లో మొదలవుతుంది. ఆటగాడు సద్దాం హుసేన్ రాజభవనంలోకి చొరబడతాడు. ఆ సద్దాం సైన్యం కువైట్‌ని దాదాపు ఏడు నెలలు ఆక్రమించి కూర్చుంది. ఆ ఏడు నెలలు చూసినవాళ్ళు అక్కడ ఇంకా బతికే ఉన్నారు.

న్యూయార్కులోనో లండన్‌లోనో ఈ వార్త చదివినవాళ్ళు ‘అలాగా’ అని ఊరుకుంటారు. రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు అలా ఊరుకోవడం కుదరదండి. ఆ పల్లెల్లో కువైట్ అంటే పటంలో వెతుక్కోవలసిన దేశం కాదు. పిన్నిగారు వంట చేసిన దేశం, బాబాయి కారు నడిపిన దేశం, పెంకుటిల్లు తీసేసి డాబా వేయించిన దేశం. అందుకని ఈ ఆట కోనసీమ నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్పాలనిపించింది.

ముందు ఆటంటే ఏమిటో తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఈ తరహాని ఫస్ట్ పర్సన్ షూటర్ అంటారు. తెర మీద కథానాయకుడు కనపడడు. రెండు చేతులు, చేతుల్లో తుపాకి కనపడతాయి. చూసే కళ్ళు మనవే. 1993లో వచ్చిన ‘డూమ్’ దీనికి ఊరూవాడా పేరు తెచ్చింది. కాల్ ఆఫ్ డ్యూటీ పుట్టింది 2003 అక్టోబరులో, అమెరికాలో ఇన్ఫినిటీ వార్డ్ అనే స్టూడియోలో. తొలి ఆటలు రెండో ప్రపంచ యుద్ధం చుట్టూ తిరిగాయి. 2007లో ‘మోడరన్ వార్‌ఫేర్’ వచ్చి ఈ కాలపు యుద్ధాల్లోకి దిగింది. 2005 నుంచి ఏటా ఒక కొత్త ఆట తప్పడం లేదు. ట్రేయార్క్ అనే మరో స్టూడియో 2010లో ‘బ్లాక్ ఆప్స్’ అని వేరే శాఖ మొదలుపెట్టింది. గూఢచారులు, కోల్డ్ వార్, ఎవడు ఎవడి మనిషో చివరిదాకా తేలని గందరగోళం, అదీ దాని వరస. ఆ శాఖలో ఆరోది ఇది. వరసలో వెతికితే ఐదో అంకె మాత్రం దొరకదు. 2020లో వచ్చినదానికి ‘కోల్డ్ వార్’ అని పేరు పెట్టి అంకె మానేశారు. గూఢచారుల కథలు కదా, ఒంట్లు కూడా రహస్యంగానే లెక్కపెట్టుకుంటారు కాబోలు.

ఈ ఆటల యజమాని యాక్టివిజన్ బ్లిజర్డ్‌ని 2023 అక్టోబరు 13న మైక్రోసాఫ్ట్ కొనేసింది. ధర 6,870 కోట్ల డాలర్లు. మన లెక్కలో ఐదు లక్షల కోట్ల రూపాయల పైమాట. కొన్న కంపెనీకి అధిపతి హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల. కాబట్టి ఇదంతా పరాయివాళ్ళ వ్యాపారమని చేతులు దులుపుకోవడానికి మనకు కాస్త మొహమాటం ఉంది. చేతులు మారాక, విడుదలైన రోజునే గేమ్ పాస్ అనే నెలసరి చందాలో పెట్టిన మొదటి కాల్ ఆఫ్ డ్యూటీ ఇదే.

ఆడడానికి ఎలా ఉందంటారా? చాలా బాగుంది. ఇది మొహమాటం లేకుండా చెప్పేస్తున్నాను. ఈసారి కొత్త విద్యకు ఆమ్నీమూవ్‌మెంట్ అని పేరు పెట్టారు. ఇదివరకు నిండు పరుగు తీయాలంటే ముందుకే తీయాలి. పక్కకీ వెనక్కీ అయితే అడుగులే. ఇప్పుడు ఎటు కావాలంటే అటు పరుగెత్తవచ్చు, ఎటు కావాలంటే అటు జారవచ్చు, దూకవచ్చు. వెల్లకిలా పడి, పడ్డచోటు నుంచే నాలుగు వైపులా గురి తిప్పవచ్చు. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు అవతలి జట్టు మీద నుంచి చూపు తిప్పకుండా గీత వైపు వెనక్కి జారుకుంటాడే, ఆ ఒడుపు ఈ ఆటకు ఇన్నాళ్ళకు పట్టుబడింది. రెండు రోజులు దీనికి అలవాటుపడి పాత ఆటలు తెరిస్తే కాళ్ళు కదలవు. నలభై దాటినవాళ్ళ వేళ్ళకు ఇది ఓ పట్టాన లొంగదనేది కూడా నిజమే. నా వేళ్ళ సంగతి నేను చెప్పుకోను. అమలాపురంలో మా మేనల్లుడున్నాడు, వాడు అడక్కుండానే చెబుతాడు.

ఒంటరిగా ఆడే కథలోకి వెళదాం. దీన్ని ఎక్కువగా మలిచింది రేవెన్ సాఫ్ట్‌వేర్ అనే స్టూడియో. ఫ్రాంక్ వుడ్స్ అనే పాత గూఢచారి ఉంటాడు. వెనకటి ఆటల్లో వీరంగం వేసినవాడు, ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉన్నాడు. కదలలేని మనిషి కదిలేవాళ్ళకు దారి చెబుతుంటాడు. అతని మాటల్లో చేదు, వేళాకోళం సమపాళ్ళలో ఉంటాయి. ఈ ఆటలో మనుషుల్లాంటి మనుషులు ఇద్దరు ముగ్గురే. అందులో మొదటివాడు ఇతనే. సీఐఏలోకి చొరబడిన పాంథియన్ అనే ముఠాని పట్టుకోబోయి, తమ వాళ్ళ చేతే గెంటించుకున్న చిన్న జట్టు బల్గేరియాలో ఒక పాడుబడ్డ భవంతిలో మకాం పెడుతుంది. ఒకప్పుడు కేజీబీ వాడుకున్న ఇల్లది. పనికీ పనికీ మధ్య ఆటగాడు ఆ ఇంటికి వచ్చి తిరగవచ్చు, గదులు బాగుచేసుకోవచ్చు, జట్టువాళ్ళతో కబుర్లాడవచ్చు, పియానో దగ్గర దాచిన చిక్కుముడి విప్పుకోవచ్చు. తుపాకి పక్కన పెట్టి ఇంట్లో తిరగమనడం ఈ వరసలో అరుదు. నాకు బాగా నచ్చింది.

అంకాలు ఒకదానికొకటి పోలిక లేకుండా కట్టారు. ఒకటి వాషింగ్టన్‌లో, అప్పటికింకా గవర్నరుగా ఉన్న బిల్ క్లింటన్ ఎన్నికల విరాళాల విందులో నడుస్తుంది. సూటు వేసుకుని, చేతిలో కెమెరాతో, ఒక సెనేటరు కంటిపాప గుర్తును దొంగిలించాలి. మాటల్లో పెట్టి సాధించవచ్చు, గుట్టు బయటపెడతానని బెదిరించి సాధించవచ్చు. ఇంకొకటి కాసినోలో. అన్నిటికన్నా పై మెట్టు ‘ఎమర్జెన్స్’ అనే అంకం. కెంటకీలో మూతపడిన ఒక ప్రయోగశాల. లోపల విషవాయువు. ముసుగుకు చిల్లు పడి ఆ గాలి మన పాత్రకు సోకుతుంది. అక్కణ్ణించి కనపడేదాంట్లో ఏది ఉన్నదో ఏది లేనిదో తెలియదు. గుడ్డల దుకాణంలో నిలబెట్టే బొమ్మలుంటాయే, అవి మనం తల తిప్పుకునేసరికి చోటు మారుతుంటాయి. నాలుగు రంగుల కార్డులు వెతికి బయటపడాలి. రాత్రిపూట ఒంటరిగా ఆడవలసినది కాదని మా మేనల్లుడు హెచ్చరించాడు. వాడి ధైర్యం మీద నాకున్న గౌరవం కొంచెం తగ్గింది, ఆ అంకం ఆడాక తిరిగి పెరిగింది.

యుద్ధాన్ని అమ్ముకునే ఈ ఆటలో గొప్పగా కుదిరిన చోట్లన్నీ యుద్ధం లేని చోట్లే. విందు, జూదశాల, ప్రయోగశాల, పాత భవంతి. అసలు యుద్ధంలోకి దిగిన అంకం ‘హంటింగ్ సీజన్’. ఇరాక్ ఎడారి. విశాలమైన మైదానం, జీపేసుకుని ఎటైనా పోవచ్చు. స్కడ్ క్షిపణుల బండ్లను వెతికి పేల్చాలి, ఆఖరికి రాజభవనం చేరాలి. చూడడానికి అందంగా ఉంది. ఎండ ఇసుక మీద పడే తీరు, దూరాన పొగ, అన్నీ పనిమంతుల పనే. గంటా రెండు గంటలు తిరిగాక ఏదో లోటు తోస్తుంది. గోడలున్నాయి, ఇసుక బస్తాలున్నాయి, కాల్చడానికి సైనికులున్నారు. ఆ గోడల మధ్య వండుకుని తిని బతికేవాళ్ళ జాడ దాదాపు లేదు. ఎడారి అంటే ఖాళీ అని ఎవరో వీళ్ళకు చెప్పినట్టున్నారు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిపడినప్పుడు అక్కడున్న భారతీయులు లక్షన్నర పైబడి ఉంటారు. ఇళ్ళలో వంటవాళ్ళు, ఆయాలు, డ్రైవర్లు, మేస్త్రీలు, దుకాణాల్లో గుమాస్తాలు, నర్సులు, ఇంజనీర్లు. కేరళవాళ్ళు ఎక్కువ. మన ఉభయ గోదావరి జిల్లాలవాళ్ళు, కడప వైపువాళ్ళు కూడా ఉన్నారు. చేతిలోని కువైట్ దీనార్లు చిత్తుకాగితాలైపోయాయి. బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, ఎడారిలో వేసిన గుడారాల్లో పడి ఉండి, అమ్మాన్ నుంచి విమానం ఎక్కారు. ఎయిరిండియా 59 రోజుల్లో 488 సార్లు విమానాలు నడిపి 1,11,000 మందికి పైగా తీసుకొచ్చింది. పౌర విమానాల్లో అంతమందిని తరలించడం ప్రపంచ రికార్డయింది. ఇక్కడి ఇళ్ళలో ఫోన్లు ఎక్కడివి అప్పుడు? వార్తల వేళకు రేడియో చుట్టూ చేరి, మనవాళ్ళు ఏ విమానంలో ఉన్నారో తెలియక కూర్చున్నవాళ్ళు ఈ మాటలు వింటూ ఉండవచ్చు. దీని మీద 2016లో ‘ఎయిర్‌లిఫ్ట్’ అని హిందీ సినిమా వచ్చింది. అందులో ఒక వ్యాపారి అందరినీ గట్టెక్కిస్తాడు. వంటమనుషుల కథ అందులోనూ తక్కువే.

ఆట చేసినవాళ్ళు పిన్నిగారి కథ ఎందుకు చెప్పలేదని నేను అడగడం లేదు. అది వాళ్ళ పని కాదు. వాళ్ళు చెబుతానన్నది సీఐఏ కథ. నా ఫిర్యాదు వేరు. చరిత్రలోంచి ఒక తేదీని, ఒక నియంతని, ఒక ఎడారిని అరువు తెచ్చుకున్నప్పుడు, ఆ ఎడారిలో ఒక్క టీ కొట్టయినా కనపడాలి. వాషింగ్టన్ విందులో వడ్డించేవాళ్ళను, పాటగాళ్ళను, గుసగుసలాడే అతిథులను ఎంత శ్రద్ధగా నింపారో మీరే చూడండి. అక్కడ చేతనైన పని ఇరాక్ వచ్చేసరికి ఎందుకు చేతగాలేదు?

ఈ వరసకు ఇది కొత్త కాదు. 2019లో వచ్చిన ‘మోడరన్ వార్‌ఫేర్’లో ‘హైవే ఆఫ్ డెత్’ అని ఒక అంకం ఉంది. కువైట్ నుంచి ఇరాక్ వైపు వెనక్కి పోతున్న వాహనాల మీద 1991 ఫిబ్రవరిలో అమెరికా కూటమి విమానాలు బాంబులు కురిపించిన దారికి పత్రికలు పెట్టిన పేరది. ఆటలో ఆ పేరే వాడుకుని, ఊహించుకున్న ఒక దేశంలో ఆ పని రష్యన్లు చేసినట్టు చూపించారు. అప్పుడు విమర్శలు గట్టిగానే వచ్చాయి. దానితో పోలిస్తే ఈసారి అంత దొంగలెక్క లేదు. లెక్క రాయడమే మానేశారు.

అసలు ఆ యుద్ధాన్నే అప్పట్లో నింటెండో యుద్ధమన్నారు. బాంబు ముక్కున ఉన్న కెమెరా చూపించే బొమ్మలు, ఆకుపచ్చ రాత్రి ఆకాశం, విలేఖరుల ముందు కర్ర పట్టుకుని సైన్యాధిపతి చెప్పే పాఠం. ఇంట్లో కూర్చుని యుద్ధం చూడడం లోకానికి అప్పుడే అలవాటైంది. మన దేశంలో కేబుల్ టీవీ వేళ్ళూనుకోవడానికి ఆ యుద్ధం కూడా ఒక సాకు. ముప్ఫై మూడేళ్ళ తర్వాత ఈ వరసలోనూ అది నిజంగానే ఆట అయింది. ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. ఆలస్యానికి ఆశ్చర్యపోవచ్చు.

ఆ రోజుల్లో కువైట్‌లో ఆరువందలకు పైగా చమురు బావులకు నిప్పు పెట్టారు. ఆఖరి మంట ఆర్పేసరికి 1991 నవంబరు వచ్చింది. వినడానికి అంకెలా ఉంటుంది గానీ, బావి మండడమంటే ఏమిటో కోనసీమవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి ఎగదన్ని 65 రోజులు మండింది. ఒక్క బావి! చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. రాత్రుళ్ళు మైళ్ళ దూరానికి వెలుగు. ఆ హోరు చెవుల్లోంచి పోవడానికి నెలలు పట్టిందని చెప్పేవాళ్ళు ఆ లంకల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆటలో పేలుళ్ళ చప్పుడుకు ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్లు కొన్నా ఆ హోరు అందులో దొరకదు.

మళ్ళీ ఆటకొస్తే, నలుగురితో కలిసి ఆడే మల్టీప్లేయరు గురించి ఎక్కువ చెప్పను. ఈ వరస ఆడేవాళ్ళలో ఎక్కువమంది దానికోసమే కొంటారు. ఆరుగురికి ఆరుగురు, చిన్న చిన్న మైదానాలు, పది నిమిషాల్లో తేలిపోయే పోటీ. కొత్త పరుగు వచ్చాక వేగం విపరీతంగా పెరిగింది, మూల నక్కి కాల్చేవాళ్ళకు రోజులు బాగాలేవు. లేచి వచ్చిన శవాలను కాల్చే జాంబీల విభాగంలో రెండు పటాలతో మొదలుపెట్టారు. టెర్మినస్ అనే చెరసాల దీవి చిక్కగా ఉంది, లిబర్టీ ఫాల్స్ అనే ఊరు పలచగా ఉంది. అన్నట్టు డిసెంబరులో క్రిస్మస్‌కని ఒక జాంబీ శాంటా తాత బొమ్మ పెట్టారు. చేతికి ఆరు వేళ్ళు! యంత్రం చేత వేయించిన బొమ్మని ఆటగాళ్ళు గోల పెట్టారు. కొన్ని బొమ్మలకు కృత్రిమ మేధ సాయం తీసుకుంటున్నామని తర్వాత అమ్మకం పేజీలో రాసుకోక తప్పింది కాదు. లక్షల కోట్ల కంపెనీకి ఒక చిత్రకారుడి కూలి మిగుల్చుకోవాలనిపించింది చూశారా, నాకు ఆ ఆరో వేలు కన్నా అదే వింతగా తోచింది.

ఇక ఇక్కడ ఆడాలంటే ఏం కావాలో చూద్దాం. విడుదలైనప్పుడు ఆట ధర 70 డాలర్లు, అంటే ఆరు వేల రూపాయలకు దగ్గర. ఆడే పెట్టె ధర దానికి ఎన్నో రెట్లు. మన వైపు ఆ పెట్టెలు కొన్ని ఊళ్ళోకి వచ్చే దారే చిత్రం. మా మేనల్లుడి ప్లేస్టేషన్ దోహాలో పనిచేస్తున్న వాళ్ళ నాన్న సెలవుకి వస్తూ, దుప్పట్ల మధ్య పెట్టి తెచ్చింది. గల్ఫ్ జీతంతో కొన్న పెట్టెలో గల్ఫ్ యుద్ధం ఆడుతున్నాడన్నమాట. వాడికా సంగతి చెబితే ‘అవును కదా మావయ్యా’ అని మళ్ళీ తెర వైపు తిరిగాడు. పెట్టె లేనివాళ్ళకు, అంటే మన కుర్రాళ్ళలో చాలామందికి, ఫోనే దిక్కు. ఈ ఆట ఫోనులో రాదు. 2019 అక్టోబరులో వచ్చిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మొబైల్’ వేరే సరుకు. పబ్‌జీ అనే మరో ఫోను ఆటని 2020 సెప్టెంబరులో మన దేశంలో నిషేధించాక కొందరు దాని వైపు మళ్ళారు.

దించుకోవడానికి సుమారు వంద జీబీ చోటు కావాలి. పైగా ఒంటరిగా కథ ఆడుకుంటున్నా నెట్ ఉండి తీరాలి. బొమ్మల్లోని మెరుగులు కొంత ఆడుతుండగా అప్పటికప్పుడు తెప్పిస్తుంటారు, తీగ తెగితే ఆట ఆగిపోతుంది. అమెరికాలో కూర్చుని ఈ నియమం పెట్టినవాడికి ఈదురుగాలికి కొబ్బరి మట్ట తీగల మీద పడడం తెలియదు. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక జిల్లాలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు సిగ్నలు వెతుక్కుంటూ జిల్లా దాటి వెళ్ళిన రోజులవి. డబ్బు పెట్టి కొనుక్కున్న కథ, ఎవరితోనూ పని లేని కథ, అలాంటి రోజున తెరుచుకోదు. కొన్నామా, అద్దెకు తీసుకున్నామా? ఇది ఈ ఒక్క ఆట తప్పు కాదు గానీ, ఈ ఆటలో బాగా గుచ్చుకుంటుంది.

2025 నవంబరులో ఏడోది కూడా వచ్చేసింది. కథ 2035కి దూకింది. అందులో ఒంటరి కథను మధ్యలో నిలపడానికి కూడా వీల్లేదట, అన్నానికి పిలిచినా లేవలేరు. అమ్మలు దాన్ని ఇంట్లోకి రానిస్తారని నేననుకోను. ఆరోది కొనేవాళ్ళు ముందు కథ ఆడండి, పోటీలు తర్వాత. ‘ఎమర్జెన్స్’ని తొందరపడి పరుగెత్తించకండి. ఎడారిలో జీపు ఆపి ఒకసారి చుట్టూ చూడండి, నేను చెప్పిన లోటు మీకూ తగులుతుందేమో. ఆట డబ్బా మీద 18 అని ఉంటుంది. అది ధర కాదు, ఏళ్ళు. రక్తం చాలానే ఉంది, బూతులూ ఉన్నాయి. తొమ్మిదో తరగతివాడికి కొనిపెట్టే తండ్రులు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళయినా సరే, ఆ అంకె చదివి కొనండి.